నూనె యూనిట్ పాత కంపెనీలోనా, కొత్త కంపెనీలోనా: ఏది మేలు?

గుంటూరు చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లు నడిపేవాళ్లకి కాస్త నిలదొక్కుకోగానే ఒక ఆలోచన వస్తుంది. పత్తి గింజలు ఎవరికో అమ్మేబదులు మనమే నూనె తీస్తే? నూనె తీశాక మిగిలే చెక్కతో దాణా చేస్తే? ఆలోచనలో తప్పేమీ లేదు. తర్వాత నాకు ఫోను వస్తుంది: "ఆడిటరు గారూ, ఇది పాత కంపెనీలోనే పెట్టేద్దామా, కొత్త కంపెనీ పెట్టమంటారా?"

అడిగేటప్పటికే చాలామంది మనసులో జవాబు ఉంటుంది. పెద్దబ్బాయికి మిల్లు, చిన్నబ్బాయికి నూనె, రేపు పంపకాల గొడవ ఉండదు. తెల్ల కాగితం మీద నాలుగు గళ్లు గీసి, మధ్యలో బాణాలు వేసి మరీ తెస్తారు. ఆ బొమ్మలో అన్నదమ్ములు కనిపిస్తారు గానీ పన్ను కనిపించదు. నా మాట ముందే చెప్పేస్తాను: బయటి భాగస్వామి రాకపోతే, కొత్త యూనిట్ నష్టాలు గట్టెక్కేదాకా పాత కంపెనీలోనే ఉంచండి.

కారణం ఏమిటంటే, మన దగ్గర ఒకే వ్యాపారాన్ని రెండు చట్టాలు రెండు రకాలుగా చూస్తాయి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 129(3) ప్రకారం సబ్సిడియరీ (సగానికి పైగా ఓట్లు మన చేతిలో ఉన్న కంపెనీ), అసోసియేట్ (వాటా తక్కువైనా మన మాట చెల్లే కంపెనీ), జాయింట్ వెంచర్ (ఇద్దరూ కలిసి నడిపే కంపెనీ), ఏది ఉన్నా అన్నీ కలిపిన కన్సాలిడేటెడ్ లెక్కలు తయారు చేయాలి. ఉమ్మడి కుటుంబం లెక్క అన్నమాట. ఆదాయపు పన్ను వాళ్లకి ఉమ్మడి కుటుంబంతో పని లేదు. ఎన్ని పొయ్యిలుంటే అన్ని రిటర్నులు. ఒక క్లయింటు గారబ్బాయి డల్లాస్ నుంచి ఫోన్లో, "ఇక్కడ గ్రూపంతా కలిపి ఒకటే రిటర్ను వేస్తారు కదండీ" అన్నాడు. నిజమే. అమెరికాలో ఓట్లలోనూ విలువలోనూ 80% చేతిలో ఉంటే అలా వేయొచ్చు. బ్రిటన్‌లో 75% ఉంటే ఒక కంపెనీ నష్టాన్ని ఇంకో కంపెనీకి ఇచ్చుకోవచ్చు. మనకు ఆ రెండూ లేవు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టం పోయి 2025 చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి, ఈ సంగతి మాత్రం మారలేదు. (అలవాటు కొద్దీ కింద పాత నంబర్లే వాడాను.)

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మిల్లుకు ఏడాదికి 5 కోట్ల లాభం. నూనె యూనిట్‌కు మొదటి ఏడాది వడ్డీ, యంత్రాల తరుగుదల పోను 2 కోట్ల నష్టం. పన్ను 115బీఏఏ సెక్షన్ కింద కంపెనీలకిచ్చే తగ్గింపు రేటు, అంటే సర్‌చార్జి, సెస్సు కలిపి 25.168%.

ఒకే కంపెనీ అయితే పన్ను పడేది 3 కోట్ల మీద: 75.50 లక్షలు. నూనెకు వేరే కంపెనీ పెడితే మిల్లు తన 5 కోట్ల మీద 1 కోటి 25.84 లక్షలు కడుతుంది. నూనె కంపెనీ పన్నేమీ కట్టదు, దాని నష్టం మాత్రం దాని పుస్తకాల్లోనే ముందుకు పోతుంది. అందులో వ్యాపార నష్టానికి 8 ఏళ్ల గడువు, తరుగుదల భాగానికి గడువు లేదు. కుటుంబం మొత్తమ్మీద సంపాదన అంతే, యంత్రాలు అవే. కానీ కొత్త కంపెనీ పేరు మీద ఆ ఏడాది 50.34 లక్షలు ఎక్కువ కట్టారు. యూనిట్‌కు డబ్బు బాగా బిగుతుగా ఉండే ఏడాదిలోనే ఇది జరుగుతుంది.

"తర్వాత లాభాలు వచ్చినప్పుడు తిరిగి కలిసొస్తుంది కదా?" అంటారు. వస్తే వస్తుంది. ఈలోగా బ్యాంకు మేనేజరు కన్సాలిడేటెడ్ లెక్కలు తెరుస్తాడు. అక్కడ లాభం 3 కోట్లు, పన్ను 1 కోటి 25 లక్షల పైన. అంటే దాదాపు 42%. "ఇదేంటి, మీకు 25 శాతమే కదా?" అని అడగకుండా ఉండడు. రేపు రాబోయే పన్ను ఆదాను ఇప్పుడే ఆస్తిగా రాస్తే, అంటే డిఫర్డ్ ట్యాక్స్ ఆస్తి చూపిస్తే, ఆ 42 మళ్లీ 25 అవుతుంది. చూపించొచ్చా? నెట్‌వర్త్ (మూలధనం, పోగేసిన లాభాలు కలిపి) 250 కోట్ల కన్నా తక్కువ ఉన్న, షేర్ మార్కెట్లో లిస్ట్ కాని కంపెనీలకు పాత అకౌంటింగ్ స్టాండర్డులే (ఏఎస్) వర్తిస్తాయి. వాటిలో ఏఎస్ 22 ఈ విషయంలో చాలా గట్టి. ముందు ముందు లాభాలు తప్పకుండా వస్తాయన్న దాదాపు తిరుగులేని నమ్మకం ఉండాలి, దానికి ఒప్పించే ఆధారం చూపాలి. రద్దు చేస్తే భారీ పరిహారం కట్టాల్సిన ఎగుమతి ఆర్డరు లాంటిది ఆధారం అవుతుంది. లోను కోసం బ్యాంకుకిచ్చిన ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటే సరిపోదు. ఏ రిపోర్టు చూసి బ్యాంకు లోను ఇచ్చిందో, ఆ రిపోర్టునే ఆడిటరు ఆధారంగా ఒప్పుకోకూడదు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ క్లయింటు నా వైపు అదోలా చూస్తాడు.

పెద్ద కంపెనీలు వాడే కొత్త స్టాండర్డులు ఇండ్ ఏఎస్. వాటిలో ఇండ్ ఏఎస్ 12 ఇక్కడ కాస్త మెత్తన. భవిష్యత్తులో లాభాలు రాకపోవడం కన్నా రావడానికే ఎక్కువ అవకాశం ఉంటే చాలంటుంది, అయితే ఇటీవలి నష్టాల చరిత్ర ఉంటే అదీ గట్టి ఆధారమే అడుగుతుంది.

ఇంకో చిన్న పోటు ఉంది. మిల్లు కోటి రూపాయల గింజలు నూనె కంపెనీకి అమ్మింది, అందులో 10 లక్షల లాభం. మార్చి 31న ఆ సరుకంతా నూనె కంపెనీ గోడౌన్లోనే ఉంది. మిల్లు ఆ 10 లక్షల మీద 2.5 లక్షల పన్ను కట్టింది. కన్సాలిడేషన్‌లో ఎడమ చేత్తో కుడి చేతికి అమ్ముకున్న లాభాన్ని కొట్టేస్తాం. పన్ను మాట? కన్సాలిడేషన్ స్టాండర్డు ఏఎస్ 21 కింద రెండు కంపెనీల పన్నులు కలిపి చూపడమే, కాబట్టి లాభం పోయి పన్ను మిగులుతుంది. ఇండ్ ఏఎస్‌లో అయితే ఆ తేడాకు కొన్న కంపెనీ రేటు మీద డిఫర్డ్ ట్యాక్స్ పెట్టి సరిచేస్తారు. ఒకే కంపెనీలో రెండు యూనిట్లయితే అసలు ఈ లాభమూ పుట్టదు, పన్నూ పుట్టదు.

మరి సబ్సిడియరీ వైపు చెప్పుకోదగ్గది ఏమీ లేదా? ఒకటుంది, అది చిన్నది కాదు. హెక్సేన్ (తేలిగ్గా మంటంటుకునే ద్రావకం) పోసి నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు అంటే నిప్పుతో చెలగాటం. అక్కడ ప్రమాదం జరిగితే ఆ బాధ్యత మిల్లు దాకా రాకూడదని అనుకోవడం సబబే. కానీ బ్యాంకు కొత్త కంపెనీకి లోను ఇచ్చేటప్పుడు మిల్లు చేత హామీ సంతకం పెట్టించుకుంటుంది. కనీసం అప్పు మటుకు ఆ గోడ కూలినట్టే. పైగా హోల్డింగ్, సబ్సిడియరీ కంపెనీలకు చిన్న కంపెనీల రాయితీలు దక్కవు.

తొందరపడి పెట్టేశాం, ఇప్పుడు కలిపేద్దాం అంటే దానికీ దారి ఉంది. విలీనం చేస్తే 72ఏ కింద నష్టాలు మిల్లుకు వస్తాయి. అయితే నష్టాలొచ్చిన ఆ వ్యాపారంలో నూనె కంపెనీ 3 ఏళ్లయినా ఉండి ఉండాలి. ఆస్తుల మీద మరికొన్ని షరతులు. 2025 ఏప్రిల్ తర్వాతి విలీనాల్లో 8 ఏళ్ల గడువు నష్టం మొదట పుట్టిన ఏడాది నుంచే లెక్క, విలీనంతో కొత్తగా మొదలు కాదు.

భాగస్వామి వస్తే కథ మారుతుంది. అప్పుడు వేరే కంపెనీ తప్పదు, ఎంత వాటా ఇవ్వాలన్నదే ప్రశ్న. ఎదుటివారికి 40% ఇస్తే నూనె కంపెనీ మిల్లుకు సబ్సిడియరీగానే ఉంటుంది. లాభంలో 40% మైనారిటీ ఇంట్రెస్ట్ (బయటి వాటాదారుల వాటా) కింద పోతుంది. నష్టంలో కూడా పోతుంది, కానీ వాళ్ల పెట్టుబడి అయిపోయేదాకానే. ఆపైన నష్టమంతా ఏఎస్ 21 ప్రకారం మిల్లు నెత్తినే. ఇండ్ ఏఎస్ 110లో మైనారిటీ వాటా మైనస్‌లోకి వెళ్లినా వాళ్ల పేరు మీదే రాస్తారు.

50-50 అంటే వినసొంపుగా ఉంటుంది, పెళ్లిచూపుల్లో మాటలా. కానీ ఇప్పటికే నష్టాలున్న నూనె కంపెనీలో కొత్త షేర్లు ఇచ్చి 50-50 చేస్తే సెక్షన్ 79 అడ్డొస్తుంది. నష్టం వచ్చిన ఏడాది ఉన్న వాటాదారులే 51% ఓట్లు నిలుపుకోకపోతే పాత వ్యాపార నష్టం పోయినట్టే. తరుగుదల భాగం మాత్రం బతుకుతుంది. ఒక్క శాతం కోసం అంత పోగొట్టుకోవద్దు, 51-49 దగ్గర ఆగండి. 50-50కే వెళ్లి, వచ్చేది లిస్టెడ్ కంపెనీ అయితే ఇంకో తంటా: దాని జాయింట్ వెంచర్‌కు ఇండ్ ఏఎస్ తప్పనిసరి, మిల్లుకు మాత్రం పాత స్టాండర్డులే. ఆ 50 శాతాన్ని మిల్లు ఏఎస్ 27 కింద ప్రతి పద్దులో సగం చొప్పున కలుపుకుంటుంది, ఆ పెద్ద కంపెనీ ఇండ్ ఏఎస్ 28 కింద ఒకే లైన్లో చూపిస్తుంది. ఒకే కంపెనీకి రెండు రకాల పుస్తకాలు రాసే అకౌంటెంటు జీతం మీరే ఇవ్వాలి.

అసలు చిక్కంతా మూడో కంపెనీ వచ్చాక మొదలవుతుంది. దాణా కంపెనీలో మిల్లుకు నేరుగా 25%, నూనె కంపెనీకి 30% ఉన్నాయనుకోండి. నూనె కంపెనీలో మిల్లుకు 60%. "అందులో మాకు 25 శాతమే కదండీ, అసోసియేట్ అవుతుంది" అంటారు. కాదు. ఓట్ల లెక్క వేరు, లాభాల లెక్క వేరు. నూనె కంపెనీ మిల్లు మాట వింటుంది కాబట్టి దాని 30 ఓట్లూ మిల్లువే: 25 + 30 = 55%. దాణా కంపెనీ సబ్సిడియరీ అయిపోయింది, దాని అమ్మకాలు, అప్పులు అన్నీ లైను లైనుగా కలవాల్సిందే. లాభంలో మిల్లు వాటా మాత్రం 25 + (30లో 60% అంటే) 18 = 43%. దాణాలో కోటి లాభమొస్తే పైన కోటీ కనిపిస్తుంది, కింద 57 లక్షలు మైనారిటీకి పోతుంది. నెత్తిన పూర్తి అప్పు, చేతిలో సగం కన్నా తక్కువ లాభం. ఇలాంటి బొమ్మ గీసినవాళ్లలో ఈ లెక్క ముందే వేసుకున్నవాళ్లు నాకు తక్కువే తగిలారు.

డివిడెండు పైకి రావడంలో మాత్రం ఇప్పుడు పెద్ద బాధ లేదు. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ డిస్ట్రిబ్యూషన్ ట్యాక్స్ (డివిడెండు పంచే కంపెనీయే కట్టే పన్ను) పోయింది. కింది కంపెనీ నుంచి వచ్చినదాన్ని రిటర్ను గడువుకు నెల ముందులోగా పైకి పంచేస్తే 80ఎం కింద మినహాయింపు వస్తుంది. దాచుకుంటే పన్ను.

ఇక అందరికీ ఇష్టమైన దారి: మిల్లుకు సంబంధం లేకుండా కుటుంబ సభ్యుల పేరు మీద నేరుగా నూనె కంపెనీ. కన్సాలిడేషన్ బాధ లేదు, అది నిజం. కానీ వచ్చే సంక్రాంతికి నూనె కంపెనీకి డబ్బు కావాలి, మిల్లు దగ్గర ఉంది. అప్పిస్తారు. మిల్లులో 10% ఓట్లు, నూనె కంపెనీలో 20% వాటా ఒకే మనిషికి ఉంటే 2(22)(ఇ) కింద ఆ అప్పు, మిల్లు పోగేసిన లాభాల మేరకు, ఆయనకు డివిడెండు అయిపోతుంది. జేబులోకి రూపాయి రాకపోయినా ఆయనే తన స్లాబు రేటులో పన్ను కట్టాలి. సరుకు కోసం ఇచ్చే నిజమైన వ్యాపార అడ్వాన్సులకు మినహాయింపు ఉంది, కానీ ప్రతి బదిలీనీ అడ్వాన్సు అని రాస్తే ఎవరు నమ్ముతారు? అక్కచెల్లెళ్ల కంపెనీల మధ్య డబ్బు సంగతి హైదరాబాదుకు తెలియనిది కాదు. 2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు ప్రమోటర్ల కుటుంబంతో ముడిపడ్డ మైటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మైటాస్ ఇన్‌ఫ్రాలో 51% కొంటామంది, విలువ 160 కోట్ల డాలర్లు. మదుపరులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ రెండూ సత్యం కన్సాలిడేటెడ్ లెక్కల్లో లేవు, సబ్సిడియరీలు కావు కనుక.

ఏది ఎంచుకున్నా యంత్రాల కొటేషను రాకముందే ఎంచుకోండి. బిల్లు మిల్లు పేరు మీద తీసుకుని తర్వాత నూరు శాతం సబ్సిడియరీకి మారిస్తే 47(4) కింద మూలధన లాభం పన్ను ఉండదు, నిజమే. అయితే 8 ఏళ్లలోపు అందులో ఒక్క షేరు బయటివాళ్లకి ఇచ్చినా 47ఏ ఆ మినహాయింపును వెనక్కి లాగేస్తుంది. కోయంబత్తూరు నుంచి యంత్రం లారీ ఎక్కాక నాకు ఫోను చేస్తే నేను చెప్పగలిగేది తక్కువ.