చేతికి ఇమిడే 9 ఎంఎం కార్బైన్ రెప్లికా: ఎనిమిది నెలల వాడకంలో తేలినవి

పిస్టల్ క్యాలిబర్ కార్బైన్ అన్న మాట వినగానే రెప్లికాలతో, అంటే నకలు తుపాకులతో, ఆడే ఎయిర్‌సాఫ్ట్ ఆటలోకి కొత్తగా వచ్చినవారికి ఒక అపోహ కలుగుతుంది. అసలు ఆయుధాల్లో ఆ మాటకు స్పష్టమైన అర్థం ఉంది: రైఫిల్ తూటాకు బదులు 9×19 ఎంఎం వంటి పిస్టల్ తూటాను పేల్చే, భుజానికి ఆనించి వాడే పొట్టి తుపాకీ అది. రెప్లికా దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోతుంది. పైకి రైఫిల్‌లా కనిపించినా, పిస్టల్‌లా కనిపించినా బ్యారెల్‌లోంచి వచ్చేది అదే 6 ఎంఎం ప్లాస్టిక్ గుండు, అంటే బీబీ. కాబట్టి క్యాలిబర్ చిన్నది గనుక దూరం పోదని దీన్ని పక్కన పెట్టడమూ సరికాదు, చిన్నది గనుక వేగంగా పేలుతుందని కొనడమూ సరికాదు. మనం డబ్బు పెట్టి తెచ్చుకుంటున్నది తగ్గిన పొడవు, ఒంటికి దగ్గరగా వచ్చిన బరువు, సన్నటి మ్యాగజైన్, అంతే. ఆ పొట్టితనం కోసం ఏమేమి వదులుకోవలసి వస్తుంది, అవి వదులుకోదగ్గవేనా అన్నదే నేను ఈ ఎనిమిది నెలలూ గమనించిన విషయం.

నా దగ్గరున్నది ఏఆర్ రైఫిల్ తరహా పైభాగం, ముందువైపు ఉపకరణాలు బిగించే ఎం-లాక్ రంధ్రాలున్న అల్యూమినియం హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు), లోపలికి జారిపోయే బట్ (భుజానికి ఆనే వెనకభాగం) ఉన్న ఏఈజీ, అంటే బ్యాటరీతో తిరిగే మోటారు స్ప్రింగ్‌ను లాగి వదిలితే పిస్టన్ గాలిని తోసి బీబీని పేల్చే రకం. ఇదే ఆకృతిలో పలు సంస్థలు కొద్దిపాటి తేడాలతో దాదాపు ఒకే లోపలి అమరికను అమ్ముతున్నాయి గనుక, సంస్థ పేరు జోలికి పోకుండా అమరిక మంచిచెడ్డలే చెబుతాను.

బట్ లోపలికి నెట్టినప్పుడు మొత్తం పొడవు సుమారు 50 సెంటీమీటర్లు, బయటికి లాగినప్పుడు 58. ఈ అంకెలు కాగితం మీద చూసినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. తొలిసారి గదులున్న మైదానంలో ఆడినప్పుడు మాత్రం తేడా ఒక్క తలుపు దగ్గరే తెలిసిపోయింది. రైఫిల్ నమూనాతో మూల తిరిగేటప్పుడు బ్యారెల్ కొస మనకంటే ముందే గోడ దాటి, మనం వస్తున్నామని అవతలివారికి చెప్పేసేది. దాన్ని తప్పించడానికి తుపాకీని కిందికి వంచి, తిరిగాక మళ్లీ పైకెత్తవలసి వచ్చేది. దీనితో ఆ వంచడం, ఎత్తడం లేవు. మోచేయి పక్కటెముకలకు ఆనించి, కళ్లు ఎటు తిరిగితే తుపాకీ అటు తిరిగేలా నడవవచ్చు. బ్యాటరీ లేకుండా రెండు కిలోల పైచిలుకు బరువున్నా, ఆ బరువంతా పిడి చుట్టూనే ఉండడం వల్ల ఎడమ చేతికి శ్రమ తక్కువ. రోజంతా ఆడిన తరువాత భుజం నొప్పి పెట్టకపోవడం నాకు దీని మీద మొదట కలిగిన ఇష్టానికి కారణం.

అయితే హ్యాండ్‌గార్డ్ పొట్టిది కావడం వల్ల ముందు చేయి బ్యారెల్ కొసకు చాలా దగ్గరగా వెళుతుంది. బీబీ తక్కువ శక్తిగలదే అయినా, కొసకు అడ్డంగా వేలు పెట్టడం అన్నది ఏ తుపాకీతోనూ అలవాటు కాకూడదు. అందుకే ముందుభాగంలో కింద చేయి ముందుకు జారకుండా ఆపే ఒక చిన్న హ్యాండ్‌స్టాప్ బిగించుకున్నాను. అది లేకుండా దీన్ని ఎవరి చేతికీ ఇవ్వను.

ఇక పొట్టితనానికి అసలు ఖరీదు చెల్లించేది బ్యాటరీ దగ్గర. రైఫిల్ నమూనాల్లో బట్‌లోనో, పొడవాటి హ్యాండ్‌గార్డ్‌లోనో కావలసినంత చోటు ఉంటుంది. ఇందులో బట్ వెనక గొట్టం ఒక్కటే దిక్కు. అందులో సన్నటి కడ్డీ ఆకారంలో ఉండే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తప్ప మరొకటి పట్టదు. పెట్టెమీద 11.1 వోల్టుల బ్యాటరీ పడుతుందని రాసి ఉంది. పట్టిన మాట నిజమే గాని, వైర్లను ఎస్ ఆకారంలో మడిచి, కనెక్టర్‌ను ఒక మూలకు నెట్టి, మూతను బొటనవేలితో నొక్కి పట్టుకుంటే తప్ప గొళ్లెం పడదు. మూడో నెలలో ఒకరోజు బ్యాటరీ మార్చబోయి వైరును చూస్తే, గొట్టం అంచుకు రాసుకుని ఎర్ర తీగ పైతొడుగు గోరంత మేర లేచిపోయి, లోపలి రాగి పోగులు మెరుస్తున్నాయి. లైపో బ్యాటరీ విషయంలో ఇది చిన్న లోపం కాదు. ఆ రాగి లోహపు గొట్టానికి తగిలి, నల్ల తీగ కూడా అలాగే అరిగి ఉంటే, షార్ట్ అయి బ్యాటరీ ఉబ్బడమో మంటలు రావడమో జరిగేది. నేను చేసిన మరమ్మతు తేలికైనదే: గొట్టం అంచును సన్నటి ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, వైర్ల మీద వేడికి ముడుచుకునే ట్యూబు తొడిగి, పెద్ద కనెక్టర్ తీసేసి చిన్న డీన్స్ రకం కనెక్టర్ అతికించాను. కాని ఇది కొన్నవాడు చేసుకోవలసిన పని కాదు. ఆ అంచును కర్మాగారంలోనే నునుపు చేసి ఉండవలసింది, ఈ విషయంలో నాకు తయారీదారుపై నిజంగానే కోపం ఉంది.

11.1 వోల్టులు అవసరమా అన్నది మరో ప్రశ్న. 7.4 వోల్టుల బ్యాటరీతో నాకు సెకనుకు 15 బీబీల చొప్పున వచ్చాయి, 11.1తో 22 వరకు వచ్చాయి. 9 ఎంఎం తూటాలు పేల్చే అసలు సబ్‌మెషిన్ గన్ ఎంపీ5 నిమిషానికి సుమారు 800 తూటాలు, అంటే సెకనుకు 13 పేలుస్తుంది. ఆ లెక్కన తక్కువ వోల్టేజీతోనే ఈ రెప్లికా అసలు దానిని మించిపోతోంది. వేగం పెరిగిన కొద్దీ పిస్టన్ పళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, 120 బీబీల మ్యాగజైన్ ఐదున్నర సెకన్లలో ఖాళీ అవుతుంది. ఎక్కువ వోల్టేజీ వల్ల దక్కే ఒకే ఒక్క మంచి గుణం సింగిల్ షాట్‌లో ట్రిగ్గర్ స్పందన. వేలు నొక్కగానే, ఎదురుచూపు లేకుండా బీబీ వెళ్లిపోతుంది. ట్రిగ్గర్‌కు బదులు మోటారు కరెంటును తానే మోసే ఎలక్ట్రానిక్ స్విచ్, మాస్‌ఫెట్, ఉన్నందున ట్రిగ్గర్ కాంటాక్టులు నల్లబడడం లేదు, బ్యాటరీ సెల్ వోల్టేజీ మరీ పడిపోయినప్పుడు అది తానే ఆపేస్తుంది. నేను మాత్రం ఇప్పుడు 7.4 వోల్టుల బ్యాటరీకే స్థిరపడ్డాను. అది గొట్టంలో సులువుగా కూర్చుంటుంది, వైర్లను మడవవలసిన అవసరమూ లేదు.

మ్యాగజైన్ రూపంలో ఈ రకం రెప్లికాలకు ఒక అందం ఉంది. నిటారుగా, సన్నగా, అరచేతిలో పూర్తిగా ఇమిడే ఆ ఆకారం వల్ల మార్చడం హాయిగా ఉంటుంది. పాతదాన్ని లాగే చేయి, కొత్తదాన్ని పెట్టే చేయి ఒకదానికొకటి అడ్డం రావు. నడుము పట్టీ మీద మూడు మ్యాగజైన్లు పెట్టుకున్నా కూర్చుని లేవడానికి ఇబ్బంది లేదు. అయితే సన్నదనం వల్ల లోపలి స్ప్రింగ్ దారి ఇరుకుగా, మెలికలుగా ఉంటుంది. కొన్న నాలుగింటిలో ఒకటి చివరి ఇరవై బీబీల దగ్గర తరచూ ఆగిపోయేది. విప్పి చూస్తే లోపలి దారిలో అచ్చు అతుకు దగ్గర సన్నటి ప్లాస్టిక్ పొర మిగిలి ఉంది. బ్లేడుతో దాన్ని గీకి, రెండు చుక్కల సిలికాన్ నూనె వేశాక ఆ బాధ పోయింది. మ్యాగజైన్ ఖాళీ అయ్యాక కూడా నాలుగైదు బీబీలు మిగిలి, బయటికి తీయగానే నేల మీద రాలడం మాత్రం దాని కట్టుబడిలోనే ఉంది, దానికి మందు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ మ్యాగజైన్లు సాధారణ ఎం4 రైఫిల్ నమూనాల మ్యాగజైన్లతో కలవవు. జట్టులో అందరూ ఎం4 వాడుతుంటే అవసరానికి ఒకరి దగ్గర అడిగి తీసుకునే వీలుండదు. కనీసం ఐదు మ్యాగజైన్లు సొంతంగా కొనుక్కోవలసిందే.

బ్యారెల్ పొట్టిది గనుక దూరం తగ్గుతుందన్న మాట చాలామంది నోట విన్నాను, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. బీబీ బరువు 0.20 గ్రాములు, వేగం సెకనుకు 100 మీటర్లు అయితే దాని శక్తి సరిగ్గా 1 జూల్. నా దాన్ని వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద పెట్టి పది షాట్లు కొలిచినప్పుడు వేగం 95 నుంచి 98 మధ్యనే నిలిచింది, అంటే 0.9 జూల్ పైచిలుకు. లోపలి బ్యారెల్ 230 మిల్లీమీటర్లే అయినా ఇంత వచ్చిందంటే, సిలిండర్‌లోని గాలిని బ్యారెల్ పొడవుకు సరిపడా అమర్చడమే కారణం. 6.03 ఎంఎం రంధ్రం, 230 ఎంఎం పొడవు ఉన్న బ్యారెల్ లోపలి ఘనపరిమాణం ఆరున్నర ఘన సెంటీమీటర్లు. 363 ఎంఎం ఉండే సాధారణ ఎం4 బ్యారెల్‌ది పది దాటుతుంది. తక్కువ గాలి చాలు గనుక ఇందులో పక్కన రంధ్రమున్న సిలిండర్ పెట్టారు. పిస్టన్ ఆ రంధ్రాన్ని దాటేవరకు గాలి నొక్కుకోదు, ఆ కాస్త దూరంలో పిస్టన్ వేగం పుంజుకుంటుంది, ఆపై మిగిలిన గాలిని గట్టిగా తోస్తుంది. నిండు సిలిండర్ పెట్టి ఉంటే బీబీ బయటపడ్డాక కూడా గాలి వెనకనుంచి తన్నుకొచ్చి, చప్పుడు పెరిగి, గురి చెదిరేది. 0.28 గ్రాముల బీబీతో కొలిస్తే వేగం 81 మీటర్లు వచ్చింది, అంటే శక్తి దాదాపు మారలేదు. బరువైన బీబీ వేసినప్పుడు శక్తి దొంగచాటుగా పెరిగి మైదానపు పరిమితి దాటే ఇబ్బంది ఇందులో లేదు. పూర్తి ఆటోమేటిక్ రెప్లికాలకు జపాన్‌లో 0.98 జూల్, బ్రిటన్‌లో 1.3 జూల్ పరిమితి ఉన్నాయి. అందుకే ఈ కొలత నాకు నచ్చింది.

దూరాన్ని నిజంగా నిర్ణయించేది హాప్-అప్. బ్యారెల్ మొదట్లో ఉండే రబ్బరు బుడిపె బీబీ పైభాగాన్ని రాసి వెనక్కి తిప్పుతుంది. ఆ తిరుగుడు వల్ల బీబీ పైన గాలి వేగంగా, కింద నెమ్మదిగా కదిలి, బీబీని పైకి లేపి పట్టుకుంటుంది. శాస్త్రంలో దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. ఇందులోని హాప్-అప్ చక్రం గుండ్రటిది, పక్కనున్న ఉత్తుత్తి బోల్ట్‌ను వెనక్కి లాగితే కనిపిస్తుంది, ఒక్కో మెట్టుకు టిక్కుమని ఆగుతుంది. ఆట మధ్యలో తనంతట తాను తిరగదు. మొదటి వెయ్యి బీబీల వరకు గుంపు కుదరక ఒకటి పైకీ ఒకటి ఎడమకూ పోయేది. కర్మాగారంలో పూసిన నూనె రబ్బరు మీదికి చేరడమే కారణమని తెలిసి, బ్యారెల్‌ను పొడి గుడ్డతో శుభ్రం చేసి, రబ్బరును సబ్బునీటితో కడిగి ఆరబెట్టి మళ్లీ బిగించాక, 0.28 బీబీతో 40 మీటర్ల దూరంలో మనిషి ఛాతీ అంత లక్ష్యానికి పదికి ఎనిమిది తగులుతున్నాయి. 0.20 బీబీలు ఈ రెప్లికాలో వాడడం వృథా. చిన్న గాలికే కొట్టుకుపోతాయి.

మోటారు నుంచి పిస్టన్‌ను నడిపే గేర్‌బాక్స్ వెర్షన్ 2 రకం. ఎం16, ఎంపీ5 ఏఈజీలలో స్థిరపడిన పాత అమరిక కావడం వల్ల ఏ భాగం పాడైనా బయట దొరుకుతుంది. ఈ రకం అన్నిటిలో ఉండకపోయినా, నా దానిలో స్ప్రింగ్‌ను గేర్‌బాక్స్ విప్పకుండానే వెనకనుంచి మార్చవచ్చు. ప్లాస్టిక్ బాడీ చూడటానికి చవకగా ఉంది, కాని రెండుసార్లు సిమెంటు మెట్ల మీద పడినా చీలలేదు. బయటి బ్యారెల్ కొసన 14 ఎంఎం ఎడమ మర ఉన్నందున బీబీలను చీకట్లో మెరిసేలా చేసే ట్రేసర్ యూనిట్ నేరుగా బిగుస్తుంది.

బయలు మైదానాల్లో, చెట్ల మధ్య దీని గొప్పదనం చాలావరకు తగ్గిపోతుంది. అక్కడ ఎవరూ మూలలు తిరగరు, పడుకుని ఓపికగా గురి చూడాలి. పొట్టి బట్‌కు దవడ సరిగా ఆనదు, మెడ ముందుకు వంచవలసి వస్తుంది. కళ్లజోడు, ముఖ రక్షణ పెట్టుకున్నవారికి ఇది మరీ కష్టం. ఎత్తైన మౌంట్ మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) పెడితే కొంత నయం. ముఖ రక్షణ గురించి ఒక మాట చెప్పాలి: గదుల్లో ఐదారు మీటర్ల దూరం నుంచే కాల్చుకుంటారు గనుక, వల కళ్లజోడుకు బదులు పూర్తిగా మూసి ఉండే గట్టి లెన్సుల కళ్లజోడే పెట్టుకోవాలి. బీబీ గోడకు తగిలి పగిలితే ముక్కలు వలలోంచి కంట్లో పడవచ్చు. ఆట ముగిశాక మ్యాగజైన్ తీసినంత మాత్రాన తుపాకీ ఖాళీ అయినట్లు కాదు, హాప్-అప్ గదిలో ఒక బీబీ మిగిలి ఉంటుంది. నేల వైపు రెండుసార్లు పేల్చి, బ్యాటరీ విప్పి, బ్యారెల్‌కు తొడుగు వేసి, సంచిలో పెట్టాకే బయటికి నడవాలి. ఆట తుపాకీ అని తెలిపే ఆరెంజ్ కొస ఉన్నా, దూరం నుంచి చూసేవారికి ఇది అసలు తుపాకీలాగే కనిపిస్తుంది.

ఎక్కువగా గదుల్లో, కంటెయినర్ల మధ్య ఆడేవారు, ఇప్పటికే ఒక రైఫిల్ నమూనా ఉన్నవారు దీన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. మొదటి, ఏకైక తుపాకీగా మాత్రం నేను ఎవరికీ చెప్పను. కొనేముందు దుకాణంలోనే బట్ మూత తీయించి, మీరు వాడబోయే బ్యాటరీని అందులో పెట్టి, గొళ్లెం బలవంతం చేయకుండా పడుతోందో లేదో చూడండి. ఆపైన వేలిని ఆ గొట్టం లోపలి అంచు చుట్టూ తిప్పి, ఎక్కడైనా గరుకు తగులుతోందేమో తడిమి చూడండి.