గెలుపు గుర్రం ఎవరు? అనుభవం ఉన్న రిచర్డ్‌సనా, పేరున్న పెద్దలా?

2007లో అమెరికాలో ఒక ఎన్నికల ప్రకటన జనాన్ని బాగా నవ్వించింది. ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరుగుతుంటుంది. బల్లకి అటువైపు కూర్చున్న మనిషి ఏదో తింటూ, కాగితాలు తిరగేస్తూ, వచ్చినాయన అనుభవం చదువుతుంటాడు. పద్నాలుగేళ్లు కాంగ్రెస్ సభ్యుడు, ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి, క్లింటన్ హయాంలో ఇంధన శాఖ మంత్రి, న్యూ మెక్సికో గవర్నర్. అంతా చదివాక, ఇంతకీ ప్రెసిడెంట్ పదవికి పనికొస్తానని ఎందుకనుకుంటున్నారు అన్నట్టు అడుగుతాడు. ఎదురుగా కూర్చున్నది బిల్ రిచర్డ్‌సన్.

ప్రకటన బాగా పేలింది. కానీ నన్నడిగితే ఆయన సమస్యంతా అందులోనే ఉంది. నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదని డబ్బులు పెట్టి మరీ చెప్పుకోవాల్సి వచ్చింది పాపం.

మన దగ్గర బీ ఫారం పార్టీ పెద్దలు ఇస్తారు. అక్కడ ప్రైమరీలనే పార్టీ లోపలి ఎన్నికల్లో దాన్ని ఇచ్చేది మామూలు ఓటర్లు. 2008 డెమొక్రాట్ల బీ ఫారం కోసం హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా, జాన్ ఎడ్వర్డ్స్ ముందు వరసలో ఉన్నారు. రిచర్డ్‌సన్, జో బైడెన్, క్రిస్ డాడ్ వెనక వరస. పాలన అనుభవం తూకమేస్తే వెనక వరసే బరువు.

ముందు నవంబర్ లెక్క చూద్దాం, అంటే రిపబ్లికన్‌తో తలపడే అసలు పోరు. ఇక్కడ రిచర్డ్‌సన్ వైపు వాదన గట్టిదే. 1976 నుంచి 2004 దాకా గెలిచినవాళ్లలో పెద్ద బుష్ తప్ప కార్టర్, రీగన్, క్లింటన్, చిన్న బుష్ అందరూ గవర్నర్లుగా చేసినవాళ్లే. సెనేటర్‌గా ఉంటూ నేరుగా ప్రెసిడెంట్ అయినవాడు 1960లో కెన్నెడీ తర్వాత అప్పటికి ఎవరూ లేరు. ముందు వరసలో ఉన్న ముగ్గురిదీ సెనేట్ నేపథ్యమే. పైగా న్యూ మెక్సికోలో 2000లో అల్ గోర్ గట్టెక్కింది 366 ఓట్లతో, 2004లో బుష్ గెలిచింది దాదాపు ఆరు వేలతో. అలాంటి రాష్ట్రంలో 2006లో దాదాపు 69 శాతం ఓట్లతో రెండోసారి గవర్నర్ అయ్యాడీయన. తల్లి మెక్సికన్, పెరిగింది మెక్సికో సిటీలో, స్పానిష్ నోటి మీదే ఉండేది. స్పానిష్ మాట్లాడే ఓటర్లున్న నెవాడా, కొలరాడో రాష్ట్రాలను కూడా లాక్కురాగలడన్న ఆశకి అర్థముంది.

హిల్లరీకి పేరెంత ఉందో, ఆమె పేరు చెబితే మండిపడేవాళ్లూ అంతమంది ఉండేవారు. ఒబామా సెనేట్‌కి వచ్చి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. కాగితం మీద చూస్తే గెలుపు గుర్రం రిచర్డ్‌సనే.

అయితే నవంబర్‌కి వెళ్లాలంటే జనవరి దాటాలి.

ఆ జనవరిలో మొదటి పరీక్ష అయోవా రాష్ట్రంలో జరిగిన కాకస్, అంటే పార్టీ ఓటర్ల సమావేశాలు. అది చూస్తే సంగతి తెలుస్తుంది. అప్పట్లో డెమొక్రాట్ల కాకస్‌లో చలి రాత్రి ఏ బడి హాల్లోనో ఊరివాళ్లు చేరి, తమ అభ్యర్థి వైపు గుంపులుగా నిలబడేవారు. చాలాచోట్ల 15 శాతం మంది లేని గుంపు లెక్కలోకి వచ్చేది కాదు. వాళ్లు ఇంకో గుంపులో కలవాల్సి వచ్చేది, లేదా ఇంటికి పోవాల్సి వచ్చేది. పక్కింటాయన చూస్తుండగా ఆరుగురి గుంపులో నిలబడాలంటే గుండె ధైర్యం కావాలి. ఈయన గెలవగలడు అని నలుగురూ నమ్మితేనే గెలిచే చోటు అది. ఆ నమ్మకం రావాలంటే ముందు పేరు తెలిసుండాలి. డబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు, 2007లోనే హిల్లరీ, ఒబామా చెరో పది కోట్ల డాలర్ల దాకా పోగేశారు.

పోనీ మనిషిలో లోపం లేదా అంటే, ఉంది. 1995లో ఇద్దరు అమెరికన్లను విడిపించడానికి బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్ ఎదుట కాలు మీద కాలు వేసుకున్నాడట. బూటు అడుగు కనబడిందని సద్దాం చిర్రెత్తి లేచి వెళ్లిపోయాడు. అయినా ఈయన క్షమాపణ చెప్పలేదు, సద్దాం తిరిగొచ్చాడు, ఆ ఇద్దరూ విడుదలయ్యారు. ఆయనే చెప్పుకున్న ముచ్చట ఇది. అంత గుండె నిబ్బరం ఉన్నవాడు 2007లో ఒక చర్చావేదిక మీద, స్వలింగ సంపర్కం పుట్టుకతో వచ్చేదా ఎంచుకునేదా అని అడిగితే ఎంచుకునేదే అనేసి, తర్వాత సర్ది చెప్పుకోలేక తిప్పలు పడ్డాడు. నాలుగు గోడల మధ్య బేరమాడటంలో దిట్ట. మైకు ముందు మాత్రం తడబాటే. పేరున్న నాయకుడు ఇలా నోరు జారితే వారంలో మరుగున పడుతుంది. ఎవరికీ తెలియని నాయకుడికి ఆ తప్పే మొదటి పరిచయం అవుతుంది.

కార్టర్ కూడా ఎవరికీ తెలియనివాడే కదా అంటారు. నిజమే, 1976లో ఆయన్ని ‘జిమ్మీ ఎవరు?’ అని ఎగతాళి చేశారు. కానీ అప్పటికి ఆయన మాజీ గవర్నర్, చేతిలో బోలెడు తీరిక. అయోవాని పెద్దలు అంతగా పట్టించుకోని రోజుల్లో ఊరూరా తిరిగి పట్టు సంపాదించాడు. 2008 నాటికి పెద్దలంతా అక్కడే మకాం. రిచర్డ్‌సన్ ఒక పక్క రాష్ట్రాన్ని నడుపుకోవాలి. ఆ దారి అప్పటికే మూసుకుపోయింది.

అందుకే నేనైతే, పేరు లేని అనుభవాన్ని ప్రైమరీలో గెలుపు గుర్రం అనను. బైడెన్‌నే చూడండి. 2008 అయోవాలో ఆయనకొచ్చింది ఒక్క శాతం లోపే, ఆ రాత్రే తప్పుకున్నాడు. 2020లో అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం వచ్చినా పోటీలో నిలబడ్డాడు, ఫిబ్రవరి 29న సౌత్ కరొలినా గెలిచి మొత్తం తిప్పేశాడు. 2008లోనూ ఆయనకు అనుభవానికి కొదవ లేదు. ఈ మధ్యలో తోడైంది ఎనిమిదేళ్ల వైస్ ప్రెసిడెంట్ హోదా, ఇంటింటా తెలిసిన పేరు.

రిచర్డ్‌సన్‌కి అయోవాలో రెండు శాతం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదు శాతం లోపు వచ్చాయి. జనవరి 10న విరమించుకుని, మార్చిలో ఒబామాకి మద్దతు పలికాడు. నవంబర్‌లో ఆయన ఆశ చూపిన నెవాడా, కొలరాడో, న్యూ మెక్సికో మూడూ డెమొక్రాట్ల ఖాతాలోనే పడ్డాయి. న్యూ మెక్సికోలో ఒబామా మెజారిటీ 15 శాతం.