క్లోనజెపామ్‌తో ఐదేళ్ళు: అలవాటు కావడానికి రోజులు, మానడానికి పదకొండు నెలలు

ముందే చెప్పేస్తా, కంగారు తగ్గించి నిద్ర పట్టించే ఈ క్లోనజెపామ్ బిళ్ళ పనిచేస్తుంది. పనిచేయదు అనేవాళ్ళ మాట నేను నమ్మను. నాకొచ్చిన చిక్కంతా అది బాగా పనిచేయడం వల్లే వచ్చింది. 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టాను, 2024 ఏప్రిల్లో ఆఖరి ముక్క మింగాను. మార్కులు వేయమంటే మొదటి మూడు వారాలకి ఐదుకి ఐదు వేస్తా, ఆ తర్వాతి ఏళ్ళకి ఒకటో ఒకటిన్నరో, అది కూడా మందు తప్పని కాదు, నేను వాడిన తీరుకి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. సీజన్లో యార్డుకి రోజుకి లక్ష టిక్కీల (మిర్చి బస్తాల) పైన సరుకు దిగుతుంది, అందులో మా కొట్టు ముందు పడిన ప్రతి టిక్కీ కాటా, రేటు, హమాలీ ఖర్చు, రైతు ముందే తీసుకున్న అడ్వాన్సు అన్నీ నా పుస్తకంలోకి ఎక్కాలి. ఆ ఏడాది ఒక వ్యాపారి దగ్గర మా డబ్బు ఇరుక్కుపోయింది. రైతులొచ్చి కొట్టు ముందు కూర్చున్నారు, షావుకారు ఫోన్ ఎత్తడు, వాళ్ళ మొహాలు చూస్తూ సమాధానం చెప్పాల్సింది నేను. ఓ మధ్యాహ్నం తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) రాస్తుంటే ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది. మిర్చి కోరు, ఆ ఘాటు వల్లే అనుకున్నా. కాసేపటికి వేళ్ళు తిమ్మిరెక్కాయి, నోరు పిడచకట్టుకుపోయింది, ఊపిరి ఛాతీలో సగం దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. అయిపోయింది, ఇక మనం పోతున్నాం అనుకున్నా, నిజంగానే అనుకున్నా. హమాలీలు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, రక్త పరీక్ష బాగుంది. ఒకాయన గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన "గుండెకేం లేదయ్యా, టెన్షన్ తగ్గించుకో" అని చీటీ మీద క్లోనజెపామ్ అర మిల్లీగ్రాము, రాత్రి ఒకటి, అని రాశాడు. పదిహేను రోజులు వాడి మళ్ళీ కనిపించమన్నాడు. నేను కనిపించలేదు. బాగైపోయినవాడు మళ్ళీ డాక్టరు దగ్గరికెందుకు వెళ్తాడు?

మొదటి రాత్రి సంగతి ఇప్పటికీ గుర్తుంది. తొమ్మిదింటికి వేసుకున్నా, పావుతక్కువ పదికల్లా మెడ నరాలు పట్టు వదిలేశాయి, బుర్రలో గిరగిరా తిరుగుతున్న లెక్కలన్నీ ఎవరో స్విచ్ ఆపినట్టు ఆగిపోయాయి. ఎన్ని నెలల తర్వాతో అంత నిద్రపోయాను. పొద్దున లేచాక కాస్త మగత, టీ తాగితే పోయింది. మా ఆవిడ "ఏవండీ, మొహం తేటగా ఉందివాళ" అంది. ఆ మొదటి రోజుల్లోనే నేను ఈ బిళ్ళకి మనసిచ్చేశానని ఇప్పుడు అర్థమవుతోంది.

మూడో వారం దాకా అంతా బాగానే ఉంది. తర్వాత చీటీ అయిపోయింది గానీ బిళ్ళ అయిపోలేదు. షీటు మీద ఎర్రగా ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది, మత్తు పదార్థాల చట్టం కిందికి వచ్చే మందులకి వేసే గుర్తు అది, అంటే చీటీ లేనిదే ఇవ్వకూడదు. మా వీధి మెడికల్ షాపులో మాత్రం పాత చీటీ జేబులోంచి కొంచెం పైకి కనిపిస్తే చాలు, "అన్నా, ఒక షీటా రెండా?" అనేవాడు. వాణ్ణి అని ఏం లాభం, అడిగింది నేను. ఏడాది తిరిగేసరికి అర మిల్లీగ్రాముకి నిద్ర రావడం తగ్గింది. ఎవర్నీ అడక్కుండా దాన్ని ఒక మిల్లీగ్రాము చేశాను. ఇది చాలామందికి జరిగే పనేనని, ఒళ్ళు ఈ మందుకి అలవాటు పడి అదే పనికి ఎక్కువ కావాలంటుందని తర్వాత తెలిసింది. అప్పట్లో మాత్రం నా టెన్షన్ పెరిగిందనే అనుకున్నా.

మధ్యలో కొన్నాళ్ళు మా బావమరిది ఇచ్చిన ఆల్ప్రాజోలామ్ అనే ఇదే జాతి మందు కూడా వేసి చూశా (ఎవరి మందో మనం వేసుకోకూడదని అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు). అది గబుక్కున ఎక్కి గబుక్కున దిగుతుంది. మధ్యాహ్నానికే "తర్వాతిది ఎప్పుడు" అని ఒళ్ళు అడుగుతున్నట్టు ఉండేది. క్లోనజెపామ్ అలా కాదు, నిదానం మనిషి. వేసుకున్న మందులో సగం ఒంట్లోంచి పోవడానికే ఒకటిన్నర రోజు అటూ ఇటూ పడుతుంది. ఆ నిదానమే నన్ను మోసం చేసింది.

ఎలాగంటే, 2021లో ఖమ్మంలో పెళ్ళికి వెళ్ళి షీటు ఇంట్లో మర్చిపోయాను. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు నిద్ర కాస్త తక్కువైంది అంతే. ఓహో, మనకేం అలవాటు కాలేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు అని తెగ సంబరపడ్డా. మూడో రోజు మేళం మోగుతుంటే ఆ చప్పుడు చెవుల్లో కాదు పళ్ళల్లో మోగింది. చేతులు వణుకు, చెమటలు, ట్యూబ్‌లైటు చూస్తే కళ్ళు మండటం, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు కాళ్ళ కింద నేల కదలడం. భోజనాల దగ్గర సాంబారు గరిటె పట్టుకోలేకపోయాను. అక్కడి మెడికల్ షాపు కుర్రాడు చీటీ లేనిదే ఇవ్వనన్నాడు, వాణ్ణి తిట్టుకున్నా గానీ వాడే కరెక్టు. బస్సులో గుంటూరు ఎలా చేరానో నాకే తెలియదు. ఇంటికొచ్చి బిళ్ళ వేసుకున్న గంటకి మళ్ళీ మనిషినయ్యాను. అంత జరిగినా నాకు అర్థమైంది ఏమిటంటే, "చూశావా, ఈ బిళ్ళ లేకపోతే మన జబ్బు ఎంత ముదిరిందో" అని! అది జబ్బు కాదు, బిళ్ళ ఆగినందుకు ఒళ్ళు చేసిన గోల అని చెప్పేవాళ్ళు ఇంకో రెండేళ్ళ దాకా దొరకలేదు.

సైడ్ ఎఫెక్టుల కాగితంలో మగత, తూలడం అని రాస్తారు. అవి కనిపిస్తాయి కాబట్టి జాగ్రత్తపడతాం, నేను పొద్దున పూట బండి తీయడం మానేశాను. నన్ను దెబ్బకొట్టింది మాత్రం మతిమరుపు. గుమస్తాకి మతిమరుపు అంటే వంటమనిషికి ముక్కు పోయినట్టు. మూడేళ్ళ కిందటి పట్టీ నెంబరు కూడా నోటికి చెప్పేవాణ్ణి. అలాంటిది, కాటా దగ్గర నుంచి కొట్టులోకి నడిచి వచ్చే ఇరవై అడుగుల్లో తూకం మర్చిపోవడం మొదలైంది. అరచేతి మీద రాసుకునేవాణ్ణి. ఒకసారి ఒక రైతుకి పన్నెండు టిక్కీల డబ్బు రెండుసార్లు ఇచ్చాను. ఆయన మంచివాడు, సాయంత్రం తిరిగొచ్చి "గుమస్తా గారూ, ఇది నాది కాదు" అని చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ డబ్బు కంటే ఆయన చూసిన చూపు ఎక్కువ బాధపెట్టింది, తాగాననుకున్నాడేమో. తాగడం మాట వచ్చింది కాబట్టి, ఈ బిళ్ళ మీద ఒకే ఒక్కసారి బీరు తాగాను, ఆ సాయంత్రం మొత్తం నా జీవితంలో లేదు. ఫొటోల్లో ఉన్నాను, నవ్వుతున్నాను, ఎవరితో ఏం మాట్లాడానో దేవుడికి తెలియాలి. రెండూ కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చట, అది తెలిశాక ఆ ఫొటోలు చూడబుద్ధి కాలేదు.

ఇంకొకటి మా ఆవిడ చెబితే గానీ తెలియలేదు. కంగారు పోయింది సరే, దాంతోపాటే మిగతావీ పోయాయి. కోపం రాదు, సంబరం రాదు. అమ్మాయికి ఇంజనీరింగులో సీటు వచ్చిందని చెబితే "ఆహా, మంచిది" అని పేపరు చదువుకున్నానట.

ఆమే పట్టుబట్టి 2023 ఏప్రిల్లో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళానని యార్డులో తెలిస్తే పరువు పోతుందని మాస్కు పెట్టుకుని మరీ వెళ్ళా. లోపల చూస్తే మా పక్క కొట్టు ఆయన కూర్చుని ఉన్నాడు, ఆయనకీ మాస్కు.

ఆ డాక్టరు నా కథంతా విని నవ్వలేదు, తిట్టలేదు. "వాన పడితే టిక్కీల మీద ఏం చేస్తారు?" అనడిగాడు. పట్టా కప్పుతాం అన్నా. "ఎన్నాళ్ళు కప్పి ఉంచుతారు?" వాన వెలిసేదాకా, లేకపోతే సరుకు ముక్కిపోతుంది అన్నా. "ఈ బిళ్ళ పట్టా. మీరు నాలుగేళ్ళు తీయలేదు. ఇప్పుడు ముందు షెడ్డు వేద్దాం, తర్వాత పట్టా లాగుదాం" అన్నాడు. షెడ్డు అంటే ఎస్కిటలోప్రామ్ అనే ఇంకో మందు, దాంతోపాటు వారానికోసారి కౌన్సెలింగు. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుందట, బ్రేకు లాంటిది. క్లోనజెపామ్ ఆ బ్రేకుని గట్టిగా తొక్కుతుంది. ఏళ్ళ తరబడి తొక్కితే మన సొంత బ్రేకు మొద్దుబారుతుంది, ఒక్కసారిగా కాలు తీసేస్తే బండి దూకుతుంది, ఫిట్స్ కూడా రావొచ్చు. 2020 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఈ జాతి మందులన్నిటి కాగితాల మీదా అలవాటు గురించి పెద్ద హెచ్చరిక పెట్టమందని చెప్పాడు.

ఆయన చెప్పిన ఇంకో సంగతికి నోరెళ్ళబెట్టాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు తెలంగాణలో కల్లు దుకాణాలు మూతపడ్డాయి కదా, కల్లు తాగేవాళ్ళు వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఎర్రగడ్డ ఆస్పత్రికి వరస కట్టారు. కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రాజోలామ్, డైజెపామ్ లాంటివే, అంటే నా బిళ్ళకి అన్నదమ్ములే. టీవీలో ఆ వార్త చూసి "కల్లు మనుషులు, ఇంతే" అని చప్పరించినవాణ్ణి నేను, చేతిలో మంచినీళ్ళ గ్లాసు, నోట్లో బిళ్ళ.

మేలో యార్డుకి వేసవి సెలవులిస్తారు, తగ్గించడం అప్పుడే మొదలుపెట్టాం. ఒకటి నుంచి ముప్పావు, ముప్పావు నుంచి అర, అక్కడ చాలా రోజులు నిలిచిపోయాం, తర్వాత పావు మిల్లీగ్రాము బిళ్ళని కత్తితో సగం చేసుకుంటూ ఇంకా కిందికి. ఇది నా లెక్క. దీన్ని చూసి ఇంట్లో కత్తి తీయొద్దు, ఎవరి లెక్క వాళ్ళ డాక్టరే వేయాలి. తేదీలతో ఒక పుస్తకం పెట్టుకున్నా, ఆ పని మనకి వచ్చు కదా. మొదటి సగం తేలిగ్గా పోయింది. ఆఖరి పావు తీయడానికి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. తగ్గించిన ప్రతిసారీ మూడో నాలుగో రోజుకి నిద్ర పోయేది, చెవుల్లో హోరు, ఊరికే ఏడుపు. ఏడుపు వచ్చిందని మా ఆవిడ సంతోషపడింది. జనవరిలో సరుకు మొదలయ్యేసరికి నావల్ల కాదన్నాను, డాక్టరు వెనక్కి వెళ్ళనివ్వలేదు, అలాగని ముందుకీ తోయలేదు, సీజన్ ఊపు తగ్గేదాకా ఉన్నచోటే ఉంచాడు.

ఎస్కిటలోప్రామ్ గురించి కూడా రెండు ముక్కలు. ఇది వేసుకున్న గంటకి ఏమీ కాదు, పైగా మొదటి పది రోజులు కడుపులో వికారం, కంగారు ఇంకాస్త పెరిగింది. అప్పుడే చాలామంది మానేస్తారట, నేనూ మానేసేవాణ్ణే. ఐదో వారంలో ఒక రోజు సాయంత్రం లెక్క కడుతూ, పొద్దుటి నుంచి గుండె గురించి ఒక్కసారి కూడా అనుకోలేదని గుర్తొచ్చింది. మొగుడూ పెళ్ళాల సంగతిలో కొంచెం ఇబ్బంది ఉంటుంది, సిగ్గుపడకుండా డాక్టరుతో చెప్పాలి, చెబితే మార్పు చేస్తారు.

డాక్టరు దాకా వెళ్ళడానికి మొహమాటపడేవాళ్ళకి టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను నెంబరు 14416 ఉంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. తగ్గిస్తున్న రోజుల్లో ఓ రాత్రి రెండింటికి నేను చేశాను. అవతల అమ్మాయి ముప్పావుగంట సేపు ఓపిగ్గా విని, మధ్యలో "అన్నం తిన్నారాండీ?" అని అడిగింది. తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మతి చాలావరకు తిరిగొచ్చింది, మునుపటంత కాదు. తూకం ఇప్పుడు అరచేతి మీద రాసుకోవడం లేదు గానీ జేబులో చిన్న చీటీ ఉంటుంది. బిళ్ళ మానాక రెండుసార్లు ఆ దడ మళ్ళీ వచ్చింది, ఒకసారి తేజ రకం మిర్చి రేటు పడిపోయిన రోజున. టిక్కీ మీద కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉన్నా, ఇరవై నిమిషాలకి దానంతటదే దిగిపోయింది, లేచి మిగతా పట్టీలు రాశాను. ఎస్కిటలోప్రామ్ ఇంకా నడుస్తోంది. దాన్ని కూడా నిదానంగా తగ్గిద్దామంటున్నాడు డాక్టరు. మే సెలవుల్లో మొదలుపెడదామన్నాను.