గాలి లీకుల ఆడిట్: రిపోర్టు కన్నా ట్యాగులే మేలు

మాది గుంటూరు దగ్గర కారం, పసుపు, ధనియాల పొడి ప్యాక్ చేసే యూనిట్. పౌచ్ మెషీన్లలో సీలు వేసే సిలిండర్లన్నీ గాలితోనే నడుస్తాయి కాబట్టి 30 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్ రెండు షిఫ్టులూ ఆడుతూనే ఉంటుంది. కరెంటు బిల్లులో పల్వరైజర్ల (పొడి కొట్టే మెషీన్ల) తర్వాత పెద్ద వాటా దానిదే. ఈమధ్య విజయవాడ నుంచి ఎయిర్ ఆడిట్ వాళ్ళను పిలిపించాం. ఫీజు జీఎస్టీ కాక 18 వేలు. పెట్టొచ్చా అని పక్క యూనిట్ల వాళ్ళు అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

వచ్చీ రాగానే భోజనాల టైముకి మెషీన్లన్నీ ఆపించి, కంప్రెసర్ ఒక్కటీ ఆన్‌లో ఉంచారు. గాలి వాడేవాళ్ళు ఎవరూ లేరు. అయినా 40 సెకన్లు లోడ్ (గాలి నింపడం), 80 సెకన్లు అన్‌లోడ్ (మోటారు తిరుగుతున్నా గాలి నింపకపోవడం), మళ్ళీ లోడ్. నలభైని నూట ఇరవైతో భాగిస్తే 33 శాతం. కంప్రెసర్ తయారు చేయగల గాలిలో మూడో వంతు ఏ పనీ చేయకుండానే పోతోందన్నమాట. ఫ్యాక్టరీల్లో 20, 30 శాతం లీకేజీ మామూలే, 10 లోపు ఉంటే బాగా చూసుకుంటున్నట్టు లెక్క. ఈ పరీక్షకు మాత్రం ఎవరినీ పిలవక్కర్లేదు, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. మీకు 10 లోపు వస్తే ఆ 18 వేలు ఉంచుకోండి.

అసలు పనితనం లీకులు వెతకడంలో ఉంది. మా ఫిట్టర్ సబ్బునీళ్ళ బ్రష్షుతో జాయింట్లన్నీ తడిమేవాడు. "మేడమ్, పల్వరైజర్ మోతలో బుస్సుమన్నా నాకెట్టా వినపడుద్ది?" అనేవాడు, నిజమే. వీళ్ళ మెషీన్ మన చెవికి అందని శబ్దాన్ని, 40 కిలోహెర్ట్జ్ దగ్గర, పట్టుకుని హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది. పల్వరైజర్లు ఆడుతుండగానే ఆడిట్ వాళ్ళ కుర్రాడు నడుచుకుంటూ వెళ్ళి దొరికిన ప్రతిచోటా ఎర్ర ట్యాగు కట్టాడు. మెయిన్ లైను ఇనప పైపులో పెద్దగా ఏమీ లేదు. లీకులన్నీ మెషీన్ల దగ్గరే: 6 ఎంఎం గొట్టాల పుష్-ఫిట్ కనెక్టర్లు, ఫిల్టర్ గిన్నెల కింద వాషర్లు, క్లిప్పు బిగించని హోసులు.

అన్నిటికన్నా పెద్దది గాలి నిల్వ ఉండే రిసీవర్ ట్యాంకు అడుగున నీళ్ళు వదిలే వాల్వు. రోజూ తిప్పే పని తప్పుతుందని నైట్ షిఫ్టు వాళ్ళు దాన్ని కొంచెం తెరిచే ఉంచేస్తున్నారు! 7 బార్ ప్రెషరు దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే మూడు, మూడున్నర కిలోవాట్లు అందులోంచే పోతాయి. ఆ ట్యాగు ఒక్కటే ఫీజులో సగానికి సరిపోయింది.

ప్రెషరు సంగతీ వాళ్ళే చెప్పారు. మెషీన్లకు 6 బార్ చాలు, కంప్రెసర్ మాత్రం బిగించిన రోజు నుంచి 8 మీదే ఉంది. ఒక బార్ తగ్గిస్తే కరెంటు 6 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఇప్పుడు 6.8 దగ్గర నడుస్తోంది, సీలింగులో తేడా ఏమీ లేదు. కంప్రెసర్ గాలి పీల్చేది గ్రైండింగ్ గదిలోంచి. అక్కడ వేడి, పైగా కారం పొడి. డక్టు వేసి బయటి గాలి ఇమ్మన్నారు, ఇంకా వేయలేదు. బట్టల మీది పొడి దులుపుకోవడానికి ఎయిర్ గన్ వాడొద్దన్నారు కానీ, మా ఆడవాళ్ళు వినరు. మిరప ఘాటులో ఎనిమిది గంటలు నిలబడ్డ మనిషికి నేనేం చెప్పను?

రిపోర్టు మాత్రం నచ్చలేదు. ఏడాదికి 2 లక్షల పైన మిగులుతుందని రాశారు. లీకేజీ 33 నుంచి 10 శాతానికి దిగితే 23 శాతం తేడా, దాన్ని లోడ్‌లో కంప్రెసర్ లాగే 24 కిలోవాట్లతో గుణించేసి 5.5 కిలోవాట్లు ఆదా అన్నారు. మా దాంట్లో వీఎఫ్‌డీ (గాలి అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చేది) లేదు. స్క్రూ కంప్రెసర్ అన్‌లోడ్‌లో ఉన్నా ఊరికే ఉండదు, మాది 7 కిలోవాట్లు లాగుతుంది. కాబట్టి ఆదా 24 మీద కాదు, రెంటికీ తేడా 17 మీద లెక్కకట్టాలి. రోజుకు 16 గంటలు, 300 రోజులు, యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే నా లెక్కకు లక్షన్నర. అదీ తక్కువేం కాదు, ఆ మాటే రాయొచ్చుగా? అడిగితే "మిగతాది రావాలంటే వీఎఫ్‌డీ కంప్రెసర్ పెట్టండి మేడమ్" అని వెంటనే కొటేషన్ తీశారు. ఆడిట్ చేసేవాళ్ళే కంప్రెసర్ కూడా అమ్మితే రిపోర్టును కాస్త అనుమానంగానే చదవాలి.

రిపేరు వాళ్ళ పని కాదు, ట్యాగు కట్టి వెళ్ళిపోతారు. కనెక్టర్లు, వాషర్లు, టెఫ్లాన్ టేపు, మొత్తం 6 వేల సామానుతో మా ఫిట్టరే అన్నీ సరిచేశాడు. తర్వాత మళ్ళీ చూస్తే 15 సెకన్లు లోడ్, 135 అన్‌లోడ్. సొంత ఫిట్టర్ లేని యూనిట్ అయితే ఈ సర్వీస్ దండగ, ట్యాగులు అలా వేలాడుతూనే ఉంటాయి.

ఐదుకు మూడున్నర ఇస్తా. వెతకడానికి పూర్తి మార్కులు, కోత అంతా లెక్కల దగ్గరే. ఆర్నెల్లకోసారి వచ్చి చూస్తామని ఏడాది కాంట్రాక్టు అడిగారు, వద్దన్నాను.