స్కాల్‌హోల్ట్, హోలార్, లండాకోట్: ఐస్‌లాండ్‌లో కథోలిక జాడలు

ఐస్‌లాండ్ వెళ్ళిన మనవాళ్ళు జలపాతాలు, వేడినీటి బుగ్గలు చూసి తిరిగొచ్చేస్తారు. మేము కథోలికులం. లూథరన్ (ప్రొటెస్టెంట్) దేశంలో మన శ్రీసభ ఎలా బతికిందో చూడాలని ఒక్కో చోటికీ ఓపిగ్గా తిరిగాం.

అందరూ వెళ్ళే థింగ్‌వెట్లిర్‌లోనే కథ మొదలవుతుంది. 1000 ప్రాంతంలో అక్కడ జరిగిన దేశ శాసనసభలోనే దేశమంతా క్రైస్తవం తీసుకుంది. అక్కడ జనం, పార్కింగ్ రుసుము రెండూ ఎక్కువే. దగ్గర్లోని స్కాల్‌హోల్ట్ మాత్రం చాలా టూర్ బస్సుల దారిలో ఉండదు, మేము ఎక్కిన బస్సూ ఆగలేదు. తర్వాత కారు అద్దెకు తీసుకుని మళ్ళీ వెళ్ళాం. ఆ ఖర్చు గురించి నాకు ఏ బాధా లేదు.

1056లో దేశపు మొదటి పీఠం (బిషప్ స్థానం) వెలిసింది ఇక్కడే. పునీత థోర్‌లాకుర్ ఇక్కడి పీఠాధిపతి. రెండో జాన్‌పాల్ పోపు గారు 1984లో ఆయన్ని ఐస్‌లాండ్ పాలక పునీతుడిగా ప్రకటించారు. ఇప్పుడున్న గుడి 1963 నాటిది, లూథరన్లది. కింది గదిలో పాల్ యోన్సన్ పీఠాధిపతి రాతి శవపేటిక ఉంది, 1954 తవ్వకాల్లో బయటపడింది. బయట కాస్త నడిస్తే యోన్ అరాసోన్ స్మారక రాయి కనిపిస్తుంది.

ఈయన గురించి ఆగి చెప్పాలి. డెన్మార్క్ రాజు లూథరన్ మతాన్ని రుద్దుతుంటే ఉత్తరాన ఉన్న హోలార్ పీఠం నుంచి ఎదురు నిలిచిన చివరి కథోలిక పీఠాధిపతి ఈయన. పట్టుబడ్డాక చలికాలమంతా ఖైదులో ఉంచితే ఉత్తరాది జనం వచ్చి విడిపిస్తారని అవతలి వాళ్ళకు భయం. గొడ్డలి, మట్టి అయితే బాగా కాపలా కాస్తాయని, అంటే చంపి పాతిపెట్టమని, ఒక మతగురువు సలహా ఇచ్చాడంటారు. 1550 నవంబరు 7న, విచారణ లేకుండా, ఇద్దరు కొడుకులతో సహా తల నరికారు. పీఠాధిపతికి కొడుకులేమిటి అనుకోకండి, ఆ రోజుల్లో అక్కడ అది మామూలే. ఆ రాయి దగ్గర మా ఆవిడ జపమాల చెప్పింది.

స్కాల్‌హోల్ట్‌లో బస దొరుకుతుంది, చుట్టూ ప్రశాంతంగా ఉంటుంది. కానీ నడిచి వెళ్ళే దూరంలో దుకాణాలుండవు. పప్పు, బియ్యం, పచ్చడి వెంట తీసుకెళ్ళాలి, వంటగది ఉన్న గది అడగాలి. ఐస్‌లాండ్‌లో ఎక్కడ తిన్నా బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది హోలార్. రాజధాని రెక్యావిక్ నుంచి కారులో దాదాపు నాలుగు గంటలు. కొండల మధ్య ఎర్ర ఇసుకరాతి గుడి, 1763 నాటిది. లోపలి బలిపీఠం మీది చెక్క శిల్పాల పలక యోన్ అరాసోన్ తెప్పించిందేనని చెబుతారు. లూథరన్లు దాన్ని పారేయలేదు, భద్రంగా ఉంచుకున్నారు. పక్కనున్న గంటల గోపురాన్ని 1950లో ఆయన 400వ వర్ధంతికి ఆయన పేరిట కట్టారు. చలికాలంలో ఈ దారి పట్టొద్దు, మంచు పడితే టెన్షనే.

ఇక రెక్యావిక్‌లోని లండాకోట్. 1874లో మత స్వేచ్ఛ వచ్చింది. 1896లో వచ్చిన పునీత జోసెఫ్ కన్యాస్త్రీలు 1902లో ఇక్కడ ఆసుపత్రి కట్టారు. కాంక్రీటుతో కట్టిన క్రీస్తురాజు దేవాలయం 1929 నాటిది. పాత వస్తువుల కోసం వెళితే నిరాశే. దివ్యపూజకు వెళ్ళండి. పోలండ్, ఫిలిప్పీన్స్ నుంచి పనికి వచ్చిన కుటుంబాలు, వాళ్ళ పిల్లలే ఎక్కువ. ఇంగ్లీషు పూజ కూడా ఉంటుంది. వేళలు ముందే చూసుకోండి.

రాజధానిలో బస ఈ గుడి చుట్టుపక్కలే తీసుకోండి, అంతా నడిచే తిరగొచ్చు. ఒక్క రోజే ఉంటే స్కాల్‌హోల్ట్ చాలు. రెండు మూడు రోజులు మిగిలితే, ఇంకో జలపాతం మానేసి అయినా హోలార్ వెళ్ళండి.