145 పౌండ్లు పోసి కొన్న ఇత్తడి

లండన్‌లో నేను మోసపోయాను. పాతకాలపు శాస్త్ర పరికరాలు కొనడానికి వెళ్లే మరొకరు నాలా నష్టపోకూడదని ఇది రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. 1840లో గొడే వెంకట జగ్గారావుగారు డాబాగార్డెన్స్‌లో నక్షత్రాలను పరిశీలించే సొంత వేధశాల నెలకొల్పిన ఊరు. ఆ కథ వింటూ పెరిగాను కనుక, ఆ కాలపు పరికరం ఒక్కటైనా మా ఇంట్లో ఉండాలని నా కోరిక.

ప్రయాణం, తిండి సాఫీగానే సాగాయి. గది రోజుకు 92 పౌండ్లు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ మొదటి రోజే ముఖం ముడుచుకుంది.

మొదటి శనివారం ఒక వీధి సంతలో ఇత్తడి సెక్స్‌టెంట్ కనిపించింది, నావికులు సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలిచే పరికరం. చెక్కపెట్టె, లోపల ఎర్ర మఖమలు. దాని మీద ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కి ఉంది. అమ్మేవాడు అది విక్టోరియా రాణి కాలానిదన్నాడు. ఆమె పోయి అప్పటికి పదహారేళ్లు కదా అని అడిగితే, పేరు తర్వాత చెక్కారని, పనితనం మాత్రం ఆమె కాలానిదేనని చెప్పాడు. 180 నుంచి 145 పౌండ్లకు దిగాడు. “ఇంత మెరుస్తోందేమిటండీ, నిన్న తోమినట్టుంది” అంది మా ఆవిడ. నేను వినలేదు.

మరుసటి శనివారం పోర్టొబెల్లో రోడ్డు సంతలో పాత పరికరాలు అమ్మే ఒక పెద్దాయనకు దాన్ని చూపించాను. ఆయన నవ్వలేదు, తన దగ్గరున్న అసలుది తీసి పక్కన పెట్టాడు. అసలుదానిలో కొలత గీతలు ఇత్తడిలో పొదిగిన వెండి పట్టీ మీద, వెంట్రుకలంత సన్నగా ఉన్నాయి. నాదానిలో గీతలు మొద్దుగా ఉన్నాయి, సూక్ష్మ కొలత కోసం దాని పక్కన జరిగే చిన్న పట్టీని, అంటే వెర్నియర్‌ను, ఎక్కడ పెట్టినా ఒక్క గీత కలవాల్సిన చోట రెండు మూడు గీతలు ఒకేసారి కలుస్తున్నాయి. అన్నిటికీ మించి, కెల్విన్ అండ్ హ్యూస్ అన్న పేరుతో సంస్థ ఏర్పడిందే 1947లో! ఇలాంటివి మన రూర్కీలో అలంకారం కోసం తయారుచేస్తారు. ఆ పనివాళ్ల తప్పేమీ లేదు. పాతదని చెప్పి అమ్మినవాడిదే పాపం. వెంటనే ఆ సంతకు పరుగెత్తాం. అతని బల్ల అక్కడ లేదు. నా చేతిలో ఉన్న చీటీ మీద అంకె తప్ప పేరు కూడా లేదు.

“పోనీ బావగారూ, ఇంక వదిలేయండి” అన్నాడు, రెడింగ్ నుంచి కారులో వచ్చిన మా బావమరిది. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు.

కొనేముందు అమ్మేవాడి పేరు, చిరునామా, వస్తువు ఏ కాలానిదో చీటీ మీద రాయించుకోండి. రాయనంటే కొనకండి. అంతకంటే ముందు ఆక్స్‌ఫర్డ్‌లోని విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియం చూడండి. 1683లో తెరిచిన భవనం, ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు, మధ్యాహ్నం 12కు గాని తెరవరు. అక్కడ రెండు గంటలు గడిపితే అసలు పనితనానికి కన్ను అలవాటు పడుతుంది. మేము చివర్లో వెళ్లాం, అదే నా పొరపాటు. 1931లో ఐన్‌స్టీన్ రాసిన నల్లబల్ల ముందు మా ఆవిడ చాలాసేపు నిలబడిపోయింది.

పోర్టొబెల్లో పెద్దాయన దగ్గరే 18 పౌండ్లకు ఒక సూక్ష్మదర్శిని స్లైడు కొన్నాను. మూడంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, చుట్టూ ఎర్ర పూల కాగితం, మధ్యలో మిణ్నల్లి అనే చిన్న పురుగు. ఇంటికొచ్చాక కాలేజీలో పనిచేసే స్నేహితుడి సూక్ష్మదర్శిని కింద పెడితే దాని కాళ్ల మీది వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. మా ఆవిడ చూసి, మళ్లీ చూసి, స్లైడును పత్తిలో చుట్టి తన బీరువాలో దాచుకుంది.