విజిట్ వీసా మీద ఇంటి పనికి పంపే కన్సల్టెన్సీ, కోరుట్ల

ఏసీ చల్లగా ఉంటుంది, అడగకుండానే చాయ్ వస్తుంది, మాట తేనె. పొగడ్త ఇంతటితో సరి.

మా చెల్లెలు బీడీలు చుట్టేది. దుబాయిలో ఇంటి పని, నెలకు 1,200 దిర్హాములు అని చెప్పి మా దగ్గర 70,000 రూపాయలు తీసుకున్నారు. రశీదు అడిగితే నోటుబుక్కులో కాగితం చింపి అంకె వేసి ఇచ్చారు. కన్సల్టెన్సీ పేరు లేదు, సంతకం చోట ఒక గీత. తేదీ మాత్రం నేను పట్టుబట్టి రాయించుకున్నాను. నేను దర్జీ పని చేస్తాను. జాకెట్టు గుడ్డ తీసుకున్నా కొలతలతో చీటీ రాసిస్తాను.

"ఎయిర్‌పోర్టులో అడిగితే అక్క ఇంటికి వెళ్తున్నా, నెలలో వస్తానని చెప్పు" అని నేర్పి, రానుపోను టికెట్టు చేతిలో పెట్టారు. ఎందుకో తర్వాత తెలిసింది. చెల్లెలు ఏడో తరగతితో చదువు ఆపేసింది కాబట్టి పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన రకం. అలాంటివారు యూఏఈకి పనికి వెళ్లాలంటే వలస కార్మికుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఇంటి పనికైతే మహిళకు 30 ఏళ్లు నిండాలి, పంపేది కూడా ప్రభుత్వ సంస్థే కావాలి. మన దగ్గర అది టామ్‌కామ్. చెల్లెలికి అప్పుడు 27. ఈ అడ్డంకులన్నీ ఒక్క విజిట్ వీసాతో దాటించారు. వీళ్ల పనితనమంతా అందులోనే ఉంది.

దిగగానే అక్కడి మనిషి పాస్‌పోర్టు తీసేసుకున్నాడు. చేరిన ఇంట్లో ఐదుగురు పిల్లలు. తెల్లవారుజామున లేస్తే నడుం వాల్చేది అర్ధరాత్రి దాటాకే, అదీ ఇస్త్రీ బల్ల పక్కన నేల మీద. ఒకసారి చెయ్యి ఫోటో పంపింది. బాత్రూములు కడిగే మందుకు వేళ్ల సందులు ఒలిచిపోయాయి, బీడీ మూతి మడిచే వేలికి గోరే లేదు. జీతం అడిగితే "నీ కోసం ఏజెంటుకు కట్టాం, అది తీరనీ" అన్నారట.

అక్కడ చట్టం లేక కాదు. 2022లో తెచ్చిన ఇంటి పనివారి చట్టం ప్రకారం రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకధాటిగా, వారానికో సెలవు, పాస్‌పోర్టు పనిమనిషి దగ్గరే ఉండాలి, నియామకం పేరిట ఆమె నుంచి పైసా తీసుకోకూడదు. అయితే విజిట్ వీసా గడువు తీరిన మనిషి ఏ ధైర్యంతో ఆ చట్టం గడప తొక్కుతుంది? గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. అంటే నెలకు 1,500. ఇస్తామన్న జీతమే 1,200. చేతికి అందినా ఎంత పనిచేస్తే అంత అప్పు. తాళం వేసింది ఆ ఇంటివాళ్లు కాదు, కోరుట్లలోనే వేసి పంపారు.

ఏజెంటుకు ఫోన్ చేస్తే మొదట "కొత్తలో అంతే అక్కా, సర్దుకుంటుంది" అన్నాడు. గట్టిగా అడిగితే వెనక్కి రప్పించడానికి లక్షన్నర అన్నాడు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

2024 సెప్టెంబరులో యూఏఈ క్షమాభిక్ష ప్రకటించి జరిమానాలు మాఫీ చేసింది. చెల్లెలు ఓ శుక్రవారం చెత్త పారేసి వస్తానని గేటు దాటి, ఆ సంచితోనే టాక్సీ ఎక్కింది. భారత కాన్సులేటులో ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేకున్నా ఇంటికి రావడానికి పనికొచ్చే కాగితం, ఇచ్చారు, టికెట్టు డబ్బులు మేం పంపాం. ఆమె ఇల్లు చేరిన మర్నాడు ఈ మహానుభావుడి వాట్సాప్ స్టేటస్‌లో మా చెల్లెలి ఫోటో, కింద "మా సహకారంతో క్షేమంగా స్వదేశానికి" అని! వెళ్లి నలుగురిలో అడిగితే గానీ తీయలేదు. ఆ చింపిన కాగితం జత చేసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం.

ఇప్పుడు బోర్డు మార్చి తిరుపతి, షిర్డీ ప్యాకేజీలు అని రాయించారు. లోపలి గదిలో గల్ఫ్ బేరం యథాప్రకారం సాగుతోంది. మీ ఇంటి ఆడవాళ్లెవరైనా వెళ్లే ఆలోచనలో ఉంటే ముందు టామ్‌కామ్‌లో అడగండి. ఎవరు లైసెన్సు ఉందన్నా నంబరు తీసుకుని కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. ఇక్కడ అడిగితే గోడకున్న ఫ్రేము చూపిస్తారు. దగ్గరికి వెళ్లి చదవండి, అది జీఎస్టీ సర్టిఫికెట్.